పట్టుకో అన్నది నేనే

మీరు ఆఖరిసారి ఒకరి చేయి పట్టుకున్నప్పుడు, పట్టుకోవచ్చా అని అడిగారా?

తొందరపడి జవాబు చెప్పకండి. వైద్యుడైతే రోగి మణికట్టు, పంతులైతే పిల్లవాడి చెవి, మొగుడైతే పెళ్లాం జబ్బ. ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి. నేను ముప్పయ్యేళ్లకు పైగా మనుషుల చేతులు పట్టుకుని బతికినవాణ్ణి. సిద్దిపేట తాలూకాలో టీకాలు వేసే ఉద్యోగం నాది. ఆ చుట్టుపక్కల ఊళ్లలో ఏ పెద్దమనిషి జబ్బ మీదైనా నాలుగు మచ్చలు కనబడితే అవి నేను పెట్టినవేనేమో అని ఇప్పటికీ తొంగి చూస్తాను. అందులో కొంత గర్వం ఉంది. ఇక్కడ చెప్పబోయేది మాత్రం గర్వపడే సంగతి కాదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనొక తప్పు చేశాను. దాన్ని తప్పని గుర్తించడానికి నాకు రెండేళ్లు పట్టింది. మీకు అంత ఆలస్యం కాకూడదని చెబుతున్నాను. ఎవరి పేర్లూ చెప్పను. పేర్లు చెబితే మీరు ఆ మనుషులను తిట్టుకుని ఊరుకుంటారు.

అవి రెండో పెద్ద యుద్ధం నడుస్తున్న రోజులు. మాది నిజాం సర్కారు. నాకు ఇరవై నాలుగేళ్లు.

పని గురించి రెండు మాటలు చెబితే మిగతాది మీకే అర్థమవుతుంది. మశూచి వచ్చాక చేసేదేమీ లేదు, రాకుండా టీకా ఒక్కటే అడ్డు. ఆ మందు పట్నం నుంచి సన్నటి గాజు గొట్టాల్లో వచ్చేది. ఎండ తగిలితే చెడిపోతుంది. అందుకని గొట్టాలను గుడ్డలో చుట్టి, తడి ఇసుక నింపిన కుండలో పెట్టి ఊరూరా మోసుకుపోయేవాళ్లం. పొద్దున్నే డప్పు చాటింపు వేస్తే జనం చావడి ముందు చేరేవాళ్లు. మనిషి కదిలితే గాటు తప్పుతుంది, మందు కారిపోతుంది. కాబట్టి ఒక బంట్రోతు మనిషిని కదలకుండా పట్టుకోవాలి, నేను జబ్బ మీద నాలుగు గాట్లు పెట్టి మందు అద్దాలి. "పట్టుకో" అని నేను అనేవాణ్ణి, అతను పట్టుకునేవాడు, నేను వంగేవాణ్ణి. రోజంతా అదే మాట, అదే వంగడం. నా చూపు జబ్బ మీద అరచేతిలో సగమంత జాగా దాటి పోయేది కాదు. అది నా పనితనం అనుకునేవాణ్ణి.

ఆ బంట్రోతు సిద్దిపేటవాడే. నాకంటే పదేళ్లు పెద్ద. తాలీంఖానాలో కసరత్తు చేసిన ఒళ్లు. మాట మాటకు నవ్వించేవాడు. ఏ ఊరికి పోయినా మా తిండి సంగతి, మంచాల సంగతి తనే చూసుకునేవాడు. ఒకసారి దారిలో నాకు చలిజ్వరం వస్తే రెండు కోసుల దూరం వీపు మీద మోసుకొచ్చాడు. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఆడవాళ్లతో తప్పుగా నడుచుకునేవాడికి మొహం మీదే ఏదో గుర్తు ఉంటుందని మీరు అనుకుంటారు. ఉండదు. జ్వరం వచ్చినప్పుడు మిమ్మల్ని మోసేవాడే వాడు కావచ్చు.

ఇక నా సంగతి. ఊళ్లు తిరగని రోజుల్లో సాయంత్రాలు గ్రంథాలయంలో చర్చలకు పోయేవాణ్ణి. దేవుడున్నాడా లేడా, వితంతువుకు పెళ్లి చేయాలా వద్దా, ఆడపిల్లకు చదువెందుకు? ఇవే మా చర్చలు. చర్చ ముగిశాక కోమటి చెరువు కట్ట మీద నడుస్తూ మళ్లీ అవే వాదాలు. నేను గట్టిగా మాట్లాడేవాణ్ణి. టీకా అంటే జనం ఎందుకు పారిపోతున్నారు అన్న విషయం మీద గంటసేపు ఉపన్యసించాను. "పోచమ్మకు కోపం వస్తుందని భయం. మగవాళ్ల కంటే ఆడవాళ్లే ఎక్కువగా పారిపోతున్నారు. అంటే మూఢత్వం ఆడవాళ్లలోనే ఎక్కువ" అని తేల్చాను. చప్పట్లు కొట్టారు. చప్పట్లు కొట్టిన చేతులన్నీ మగచేతులే అని నాకు అప్పుడు తోచలేదు.

నా రిజిస్టరులో టీకా వద్దన్నవాళ్ల పేరుకు ఎదురుగా కారణం రాసే గడి ఒకటి ఉండేది. మొదటి పేరుకు "అజ్ఞానం" అని రాసి, కింద అన్నిటికీ "ఐజన్" అని గీసేవాణ్ణి. ఐజన్ అంటే కచేరీ ఉర్దూలో 'పైదే' అని. పేజీ నిండా ఐజన్, ఐజన్, ఐజన్. ఒక్కొక్క మనిషిని విడివిడిగా అడగవలసిన చోట నేను పెట్టిన గీత అది.

ఎండలు ముదురుతున్న కాలం. సిద్దిపేటకు మూడు కోసుల దూరంలోని ఒక ఊరికి పోయాం. దాని పక్క ఊళ్లో అప్పటికే అమ్మవారు పోసి ఇద్దరు పిల్లలు పోయారు. చావడి ముందు మగవాళ్లకు, నడిచే పిల్లలకు టీకాలు అయ్యాయి. ఆడవాళ్లు దూరంగా గోడ నీడన నిలబడ్డారు. వాళ్ల మధ్య ఆ ఊరి మంత్రసాని, పొగాకు నములుతూ. వెనకటిసారి అదే చావడిలో నేను అజ్ఞానం గురించి మాట్లాడుతూ ఆమెనే ఉదాహరణగా చూపించాను. కొడవలి ఉడకబెట్టకుండా బొడ్డు కోస్తుందని. ఆమె ఆ సంగతి మరవలేదు.

"ఏందయ్యా టీకాల సారూ, మల్ల వస్తివి? పోచమ్మ బాగున్నదా?"

"పోచమ్మ సంగతి నీకే ఎరుక కావాలె గదా" అన్నాను.

"మాతోని ఎన్నడు మాట్లాడలె. నీతోనే మాట్లాడుతట్టున్నది, ఎప్పుడు జూసినా దాని ముచ్చటే చెప్తవు."

ఆడవాళ్లు కొంగులడ్డం పెట్టుకుని నవ్వారు. నేనూ నవ్వాను.

వాళ్లలోంచి ముందుగా ఒకామె వచ్చింది. ఇరవయ్యేళ్లు దాటి ఉంటాయి. మగ్గం నేసే ఇంటి కోడలు, చంకలో పాకే వయసు పిల్లవాడు. తనే కూర్చుని పిల్లవాణ్ణి ఒళ్లో పెట్టుకుని, చిన్న చేయి బయటికి తీసి నా ముందు పెట్టింది.

"జర మెల్లగ సారూ. పండ్లొస్తున్నయి, ఊకెనే ఏడుస్తుండు."

పిల్లవాణ్ణి ఎంత చక్కగా పట్టుకుందంటే బంట్రోతు ముట్టుకోవలసిన పని పడలేదు. నాలుగు గాట్లు సరిగ్గా పడ్డాయి. పిల్లవాడు గుక్కపట్టి ఏడ్చాడు. ఆమె వాడి మొహం మీద ఊది, మంత్రసానికి అందించింది.

"ఇగ నీ చెయ్యి" అన్నాను.

"నాకొద్దు సారూ."

ఎందుకొద్దని అడిగాను. అడిగాను కానీ జవాబు కోసం ఆగలేదు. అమ్మవారు అంటే దేవత కాదని, అదొక రోగమని మొదలుపెట్టాను. ఆమె ఓపిగ్గా అంతా వింది.

"గదంత సరే. నా చెయ్యి నేనే పట్టుకుంట. కదల."

"అట్ల కుదరది. కదిలితే మందు పాడైతది."

"కదలనంటున్న గదా సారూ."

వెనక నుంచి బంట్రోతు అన్నాడు. "అందరు గిట్లనే అంటరు సారూ. గాటు పడంగనే ఎగురుతరు. మీరు కానియ్యుండ్రి."

ఎండ ఎక్కుతోంది. ఇంకా చాలామంది ఉన్నారు. "పట్టుకో" అన్నాను.

అతను పట్టుకున్నాడు. నేను వంగాను. ఒకటో గాటు, రెండో గాటు. ఆమె ఒళ్లు కట్టెలా బిగుసుకోవడం నా వేళ్లకు తెలిసింది. భయం అనుకున్నాను. మూడో గాటు పెట్టబోతుండగా నా పక్కనున్న కుండ లేచింది. మరుక్షణం అతని తల మీద పగిలింది. ఇసుక, నీళ్లు, గాజు ముక్కలు, నెత్తురు. ఆ నెలంతటికీ తాలూకాకు వచ్చిన మందు మట్టిలో కలిసింది.

ఆమె లేచి నిలబడి ఒక్క మాటే అన్నది. "చెయ్యి తియ్యమన్న. తియ్యలె."

అంత దగ్గర ఉన్నాను. ఆమె తియ్యమన్నప్పుడు నాకు వినబడలేదు. గాట్లు లెక్కపెట్టుకుంటున్నాను.

పోలీసు పటేలు వచ్చాడు. సర్కారు మనిషి తల పగలగొట్టింది, సర్కారు మందు పారబోసింది, రెండు నేరాలు అన్నాడు. ఆమె మొగుణ్ణి మగ్గం మీద నుంచి లేపుకొచ్చి చావడిలో కూర్చోబెట్టాడు. మూడో రోజున మొగుడూ పెళ్లాం ఇద్దరూ సిద్దిపేటలో తహసీల్దారు ముందు హాజరు కావాలి, నేను ఫిర్యాదు రాసి తేవాలి. ఆ మొగుడు నా కాళ్ల దగ్గర కూర్చున్నాడు.

"దాన్ని జైల్ల ఏస్తె పాలుదాగే పోరడు ఏంగావాలె దొరా? మీరు రాసేదాంట్ల ఉన్నది దాని బతుకు."

తిరుగు దారిలో ఎడ్లబండి మీద బంట్రోతు తలకు గుడ్డ కట్టుకుని కూర్చున్నాడు. కాసేపటికే అతని హాస్యం తిరిగి వచ్చింది.

"కుండ మంచిది దొరికింది సారూ. నా తలకాయె గట్టిది గాబట్టి సరిపాయె."

"ఎందుకు కొట్టిందంటవు?"

"ఆడోళ్లు సారూ. మీరు జబ్బనే జూస్తరు, లోకం జూడరు." అని కన్ను కొట్టి నవ్వాడు.

ఆ నవ్వు ఏమిటో నాకు లీలగా అర్థమైంది. అర్థమై కూడా నేనూ నవ్వాను. పక్కవాడు నవ్వితే నవ్వడం మగవాళ్లకు చిన్నప్పటి నుంచి అలవాటు, అంతే.

మర్నాడు పొద్దున ఫిర్యాదు రాయబోయే ముందు రిజిస్టరు తెరిచాను. ఆమె పేరుకు ఎదురుగా ఐజన్ గీయబోతే చేయి ఆగింది. పోచమ్మ కోపానికి భయపడే తల్లి అయితే ముందు బిడ్డను దాచాలి కదా? ఈమె బిడ్డ చేయి తనే చాపింది. వద్దన్నది తన చేయి ఒక్కటే. అలాంటప్పుడు ఇది పోచమ్మ సంగతి ఎలా అవుతుంది? ఇంత చిన్న తర్కం గ్రంథాలయంలో ఎవరైనా తప్పితే నేను చీల్చి చెండాడేవాణ్ణి.

వెనక పేజీలు తిరగేశాను. ముందటేడు ఒక నెల మా బంట్రోతు తమ్ముడి పెళ్లి అని సెలవు పెట్టాడు. అతని బదులు దవాఖానలో నీళ్లు పోసే ముసలాయన నాతో తిరిగాడు. ఆ నెల పేజీలో ఐజన్‌లు వెతికినా కనబడలేదు. ఊళ్లు అవే, ఆడవాళ్లు అదే తీరు వాళ్లు, పోచమ్మ అదే. మారింది పట్టుకునే చేయి ఒక్కటే.

రిజిస్టరు మూసి, ఒక్కణ్ణే నడిచి ఆ ఊరికి పోయాను. మంత్రసాని ఇంటి ముందు కూర్చుని జొన్నలు చెరుగుతోంది.

"కూసో అయ్యా. కుండ తేలేదా?"

"ఒకటి అడుగుదామని వచ్చిన."

"అడుగుడు నేర్సినవంటే మంచిదే. అడుగు."

"మా బంట్రోతు..." అని ఆగిపోయాను. గంటల తరబడి ఉపన్యాసాలు ఇచ్చిన నోరు అది.

ఆమె చేట కింద పెట్టింది. "వాని చెయ్యి యాడికి వోతదో గీ ఊళ్లె ఏ ఆడిదాన్ని అడుగు, చెప్తది. జబ్బ పట్టుకోమంటవు నువ్వు. వాని చెయ్యి జబ్బకాడ ఆగుతదా? రెండేండ్ల సంది గిదే."

"మరి నాకెందుకు చెప్పలే?"

"చెప్పనిస్తివా? నోరు తెరిస్తె పోచమ్మ అంటివి. ఇంట్ల మొగోళ్లకు చెప్తె వాన్నేమనరు, మమ్ములనే బయటికి పోవద్దంటరు. ఇగ నీకేమని చెప్పాలె? పట్టుకో అన్నోనివి నువ్వేనాయె."

నేను తల వంచుకున్నాను. ఎవరిని చూసి అజ్ఞానం అని వేలు చూపించానో ఆమె ముందు. ఆమెనే అడిగాను. "పట్టుకోకుంటె కదులుతరు గదా. ఎట్ల మరి?"

ఆమెకు నవ్వు వచ్చింది. "నా పనేందో ఎరికేనా నీకు? నేను చెయ్యి పెట్టే జాగకన్న లోపటి జాగ ఆడిదానికి ఇంకోటి లేదు. అయినా అడగకుంట పెట్ట. 'బిడ్డా, చెయ్యి పెడుతున్న, పెట్టాల్నా?' అంట. నొప్పుల మీదుంటె, 'ఆగు' అంటది. ఆగుత. జరసేపైనంక తనే పిలుస్తది. ఒకలు పట్టుకుంటె గుంజుకుంటరు బిడ్డా. తమంతట తాము ఇస్తె ఎందుకు కదులుతరు?"

ముప్పయ్యేళ్ల ఉద్యోగంలో నాకు పై అధికారులు ఇచ్చిన హుకుములు బోలెడు. వాటిలో ఒక్కటీ దీనికి సాటి రాదు. వెళ్లే ముందు కొడవలి ఉడకబెట్టే సంగతి మళ్లీ చెప్పాను, ఈసారి మర్యాదగా. "గిట్ల చెప్తె ఎవలు వద్దంటరు?" అన్నది.

మూడో రోజు తహసీల్ కచేరీ. లోపలికి పోయే ముందు మా ఇన్‌స్పెక్టరు నన్ను వసారాలో పక్కకు పిలిచాడు. పింఛనుకు దగ్గరపడిన పెద్దమనిషి, చెడ్డవాడు కాదు. జరిగిందంతా చెప్పాను. ఆయన చాలాసేపు మీసం దువ్వుకున్నాడు.

"నీ మాట నిజమే అనుకుందాం. టీకాలోళ్లు ఆడోళ్ల మీద చేతులేస్తరని నువ్వే కచేరీల అంటివనుకో, రేపటి సంది ఏ మొగుడు పెండ్లాన్ని పంపుతడు? దిక్కుకో ఊళ్లె అమ్మవారు లేసింది. నీ ఒక్క నిజానికి ఎంతమంది పిల్లలు పోతరో ఆలోచించినవా? తెలవక కొట్టిందని రాయి. బంట్రోతు కాళ్లు మొక్కి తప్పైందంటది, ఇంటికి పోతది. నీ నౌకరి నిలుస్తది. అందరికీ మంచిది."

ఆ మాట నాకు నచ్చింది. దాచడం ఎందుకు, చాలా నచ్చింది. అందులో తర్కం కూడా ఉన్నట్టే కనిపించింది. అందరికీ మంచిదన్న ఆ మాటలో ఆమె ఒక్కతే లేదని గమనించడానికి నాకు ఆ వసారా నుంచి లోపలి గుమ్మం దాకా నడిచినంత సేపు పట్టింది.

ఆమె గోడ పక్కన బిడ్డనెత్తుకుని నిలబడింది. మొగుడు ఆమె వెనక. గుమాస్తా అన్నాడు. "కాళ్లు మొక్కు, పో. సాబ్‌కు టైము లేదు."

"నేను మొక్క."

"జైలు పడుతది."

"పడనియ్యి. పోరన్ని గూడ తీస్కపోత."

మొగుడు ఏదో గొణిగాడు. ఆమె అతని వైపు చూడలేదు. బంట్రోతు వైపూ చూడలేదు. నా వైపు చూసింది.

తహసీల్దారు ఉర్దూలో ఫిర్యాదు ఏదని అడిగాడు. లేదన్నాను. ఆమె వద్దన్నది టీకాను కాదని, తన చేయి తనే పట్టుకుంటానని రెండుసార్లు చెప్పిందని, అయినా పట్టుకోమని హుకుం ఇచ్చింది నేనేనని చెప్పాను.

"అతను ఏం చేశాడు?"

"జబ్బ పట్టుకోమంటే జబ్బ దాటాడు. తియ్యమంటే తియ్యలేదు."

"నువ్వు చూశావా?"

"చూడలేదు సాబ్. జానెడు దూరంలో ఉండి చూడలేదు. అదే నా తప్పు." అని రిజిస్టరు తెరిచి, అతను సెలవులో ఉన్న నెల, పనిలో ఉన్న నెలలు పక్కపక్కన చూపించాను.

బంట్రోతు మొహం పాలిపోయింది. "దినానికి గంతమందిని పట్టుకుంట సాబ్. ఒకపారి చెయ్యి జారుతది. గదొక తప్పా?"

తహసీల్దారు కలం కింద పెట్టాడు. "జారిన చేయి, తియ్యమంటే వస్తుంది కదా?"

ఆమె మీద కేసు కొట్టేశారు. మందు నా అజాగ్రత్త వల్ల పాడైందని రాసి నాకు మందలింపు కాగితం ఇచ్చారు. న్యాయమే. బంట్రోతును మాత్రం ఇంకో తాలూకాకు బదిలీ చేశారు. ఇది మా ఓటమి, స్పష్టంగా చెబుతున్నాను. ఆ చేతిని ఆపలేదు, ఇంకో ఊరికి పంపించాం, అంతే. కొన్నాళ్లకు ఆ తాలూకాలోనూ ఆడవాళ్లు టీకా అంటే గోడ నీడకు పోతున్నారని విన్నాను. అక్కడివాడు కూడా ఐజన్ గీస్తున్నాడేమో.

పన్నెండు రోజులకు మళ్లీ మందు వచ్చింది. దవాఖాన ముసలాయనను వెంటబెట్టుకుని అదే ఊరికి పోయాను. అతనికి కుండ మోయడం ఒక్కటే పని. ఆడవాళ్లు కూర్చునే చోటు మంత్రసాని ఏర్పాటు చేసింది, పక్కనే తనూ కూర్చుంది. ఒక్కొక్కరు తమ జబ్బ తామే రెండో చేత్తో పట్టుకుంటారు. పెట్టమంటారా అని నేను అడుగుతాను. పెట్టమన్నాకే గాటు.

ఆ మగ్గం ఇంటి కోడలు మొదటే వచ్చి కూర్చుంది. నేను భయంభయంగా అడిగాను. "పెట్టాల్నా అమ్మా?"

"వద్దు" అన్నది.

నా నోట్లో ఉపన్యాసం సిద్ధంగా ఉంది. పక్క ఊళ్లో అప్పటికి ఇంకో పిల్ల పోయింది. ఆమెకు టీకా పడకపోతే ఏమవుతుందో నాకు తెలుసు. మంత్రసాని నన్నే చూస్తోంది. నేను చేయి వెనక్కి తీసుకున్నాను. "సరే అమ్మా. ఎప్పుడంటే అప్పుడు రా" అన్నాను. ఆ నాలుగు మాటలు అనడం నాకు ఆ నాలుగు గాట్లు నేర్చుకోవడం కంటే కష్టమైంది.

ఆమె లేచి పోయి గోడ దగ్గర కూర్చుంది. మిగతావాళ్లు ఒకరి తర్వాత ఒకరు వచ్చారు. ఒక్కరూ కదలలేదు. మధ్యాహ్నం దాటాక, కుండలో ఆఖరి గొట్టాలు మిగిలి ఉండగా, ఆమె మళ్లీ వచ్చి ఎదురుగా కూర్చుంది. జబ్బ తనే పట్టుకుంది.

"ఇప్పుడు పెట్టు."

"పొద్దుగాల ఎందుకొద్దంటివి?" అని అడిగాను, ఈసారి నిజంగా జవాబు కోసం.

"వద్దంటె ఆగుతవా ఆగవా అని జూసిన సారూ. నువ్వు ఆగకపోతె మల్ల ఎన్నటికీ రాకపోతుంటి."

నాలుగు గాట్లు పెట్టాను. ఆమె రెప్ప కూడా వేయలేదు. ఆ ఏడు ఆ ఊళ్లో అమ్మవారు ఎవరినీ తీసుకుపోలేదు.

ఆ దశకం చివర్లో, కొత్తగా చేరినవాళ్లకు పని నేర్పే బాధ్యత నా మీద పడింది. మొదటి రోజు వాళ్ల చేతికి గాటు పెట్టే కత్తి ఇచ్చేవాణ్ణి కాదు. ఇద్దరిద్దరిని ఎదురెదురుగా కూర్చోబెట్టి, ఒకడు రెండోవాడి జబ్బ అడగకుండా పట్టుకోవాలి అనేవాణ్ణి. వాడు తియ్యమన్నా తియ్యకూడదు. మొదట నవ్వులు. కాసేపటికి నవ్వులు ఆగేవి. ఒకసారి ఒక దిట్టమైన పిల్లగాడు మొహం ఎర్రగా చేసుకుని "తియ్యరా!" అని అరిచాడు.

"ఎట్లున్నది?" అని అడిగాను.

"కొట్టబుద్ధయ్యింది సార్."

"వాడు నీ దోస్తు. పొద్దుగాల కలిసే చాయ తాగిన్రు. నీకే గిట్లుంటె, ముక్కు మొహం ఎరుగని మొగోడు పట్టుకుంటె ఆమెకెట్లుంటది?"

ఇంకొకడు గట్టివాడు, వాదించాడు. "అడిగితే వద్దంటే?"

"ఆగు."

"ఎంతసేపు?"

"తను రమ్మనేదాక."

"అమ్మవారు ముంచుకొస్తుంటె?"

"మల్ల పోయి మల్ల అడుగు. మంచిగ చెప్పు. పదిసార్లు అడుగు, అడుగుడుకు హద్దు లేదు. హద్దు చేతికి."

అందరూ నేర్చుకున్నారని చెప్పను. కొందరు నా ముందు అడిగి, నా వెనక పట్టుకున్నారని తెలుసు. అలాంటి ఇద్దరిని బదిలీ చేయనివ్వలేదు, నౌకరి నుంచే తీయించాను. ఆ పట్టుదల నాకు మొదటిసారే ఉండవలసింది.

ఇప్పుడు ఒక మాట సంస్కర్తలమని చెప్పుకునే నావంటి వాళ్ల గురించి. మేము దేవుళ్లతో దెబ్బలాడాం, శాస్త్రాలతో దెబ్బలాడాం. మంచిదే. కానీ మా ఆడపిల్లలకు కొంగు సర్దుకోవడం, తల వంచుకోవడం, తోడు లేకుండా బయటికి పోకపోవడం నేర్పి, దాన్ని రక్షణ అన్నాం. మగపిల్లలకు ఎక్కాలు నేర్పాం, పద్యాలు నేర్పాం, వాదించడం నేర్పాం. ఎదుటి మనిషి వద్దు అంటే ఆగడం నేర్పలేదు. అది పుట్టుకతో వస్తుందనుకున్నాం. రాదు. నాకు రాలేదు. అడగకుండా పట్టుకోవడం ఇంట్లో అలవాటై, వీధిలో ముదిరి, ఒకనాడు కోర్టు మెట్లెక్కేంత ఘోరమవుతుంది. అప్పుడు అందరం ఆశ్చర్యపోతాం. ఘోరం జరిగాక శిక్ష వేసేవాళ్లు ఉన్నారు, ఉండాలి. కానీ అది మొదలయ్యే చోట, మీ ఇంటి నడుమ, మీరు తప్ప ఇంకొకరు ఉండరు.

కాబట్టి ఈ ముసలివాడి ముచ్చట బాగుందని అనకండి. నాకు అక్కర్లేదు. ఇవాళే మీ ఇంట్లో చూడండి. మీ కొడుకు ఆటకో, అల్లరికో చెల్లెలి జడ పట్టుకుంటాడు. ఆ పిల్ల వదులు అంటుంది. వాడు వదలడు. మీరు నవ్వకండి. పిల్లలాటలే అని తల తిప్పుకోకండి. ఆ పిల్లను సర్దుకోమనకండి. లేవండి. ఆమె ఏమందో వాడి చేత మళ్లీ చెప్పించండి. చెప్పిన తర్వాత, మీరు లాగి తీయకుండా, వాడి చేయి వాడే తీసేదాకా అక్కడి నుంచి కదలకండి.